వేలు పెట్టని వారం

సోమవారం పొద్దున పని మొదలయ్యే వేళకు నిర్మల ఇనుప స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. వాటిని నమ్మలేక. దాజీ పేట్‌లోని ఆ టవళ్ల కార్ఖానాలో ముందు మగ్గాల షెడ్డు, వెనక కుట్టు హాలు. పదకొండేళ్లుగా ఆ హాలుకు సూపర్‌వైజరు నిర్మలే. ఆ పదకొండేళ్లూ ఆమె చేతులు పిలవని పేరంటాలకు వెళుతూనే ఉన్నాయి. ఒకరి మిషను కింద జారుతున్న టవలును సర్దుతాయి, ఇంకొకరి కత్తెర లాక్కుని వేలాడే దారాలు తెంపుతాయి, సరిగ్గా ఉన్న మడతను కూడా విప్పి మళ్లీ మడతపెడతాయి. ఇక నోటి సంగతి. మగ్గాల చప్పుడును దాటుకుని వినబడే గొంతులు కార్ఖానాలో రెండేననీ, ఒకటి మధ్యాహ్నం కూసే సైరను, భోంగాది అయితే రెండోది నిర్మలక్కదనీ హాల్లో ఆడవాళ్లు అనుకునేవారు. భోంగా నయం, రోజుకు రెండుసార్లు కూసి ఊరుకుంటుంది.

ఆ వారం ఆ నోటికీ ఆ చేతులకూ సెలవు. ఇచ్చినవాడు ఋషికేశ్, యజమాని రమేశ్ సేట్ కొడుకు. పుణేలో చదువుకుని వచ్చి తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. నిర్మలను రెండు రోజులు హోటల్లో శిక్షణకు పంపాడు. అక్కడ ఋతుజ మేడం అనే ఆవిడ చెప్పిందల్లా ఒక్కటే: జవాబు చెప్పకు, ప్రశ్న అడిగి ఊరుకో. వాళ్లు తప్పు చేస్తే చెయ్యనీ. ఎవరూ మాట్లాడకపోతే కంగారుపడి నువ్వు మాట్లాడకు. పని వాళ్లది కావాలంటే నువ్వు చేతులు తియ్యాలి.

కాబట్టి నిర్మల గోడనున్న నల్లబల్ల మీద ప్రశ్న రాసింది. తెలుగు ఇంట్లో మాట్లాడడానికే గాని బడిలో నేర్చింది మరాఠీ, కాబట్టి మరాఠీలోనే రాసింది. ‘మన మాల్ ఎందుకు తిరిగొస్తున్నది?’ మూడు నెలలుగా కొనేవాళ్లు తిప్పి పంపిన టవళ్లు హాలు మూలన కప్పు దాకా పేరుకున్నాయి. కొన్నింటికి మూలల దగ్గర కుట్టు విడిపోయింది, కొన్నింటిలో పోగులు లేచాయి. రాసి వచ్చి స్టూలెక్కింది.

“అక్కా, ఇయ్యాల్ల ఏ సైజు ముందట కుట్టాలె?” అని అడిగింది రూపాలి. ఇరవయ్యారేళ్ల పిల్ల, చేతిలో కత్తెర ఎంత పదునో నాలుకా అంతే.

“మీకేమనిపిస్తది?”

పన్నెండు మందీ తలెత్తారు. ఎవరో కిసుక్కుమన్నారు. “తబ్యేత్ బరోబర్ లేదా అక్కా? గొంతు గిన కూసున్నదా?” అంది రూపాలి. హాలంతా నవ్వింది. మధ్యాహ్నానికి అక్క మౌనవ్రతం పట్టిందని మగ్గాల షెడ్డు దాకా పాకింది.

ఆ పూట రెండు కట్టల టవళ్లకు కంపెనీ గుర్తు పట్టీలు తలకిందులుగా కుట్టారు. నిర్మల చూసింది. మొదటి టవలు మీదే చూసింది. చేతులు తిమ్మిరెక్కేదాకా తొడల కింద అదిమిపెట్టి కూర్చుంది. నాలుగింటికి వాళ్లే చూసుకున్నారు, ఒకర్నొకరు తిట్టుకున్నారు, కూర్చుని కుట్లు విప్పుకున్నారు. ఆమె చెప్పి ఉంటే రెండు నిమిషాల పని.

కానీ ఆమెను బాధపెట్టింది ఆ పట్టీలు కావు, రాజమ్మ మూలలు.

రాజమ్మకు యాభై ఎనిమిది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను మసక. టవలు అంచు మడిచి మూల దగ్గర సూదిని తిప్పేటప్పుడు కుట్టు పక్కకు పోతుంది. ఏడాదిగా నిర్మల భోజనం వేళ అందరూ డబ్బాలు విప్పుకునే సమయంలో రాజమ్మ మిషను ముందు కూర్చుని ఆ మూలల్లో అందినన్ని గబగబా మళ్లీ కుట్టేది. రాజమ్మ చూసీ చూడనట్టుండేది. అది వాళ్లిద్దరికీ కొత్త కాదు. ఈ హాలుకు రాకముందు ఇద్దరూ ఒకే వాడకట్టులో బీడీలు చుట్టారు. అక్కడ బాలింతో జ్వరమొచ్చినదో ఉంటే, వాకిట్లో కూర్చున్న ప్రతి ఆడదీ తన చాటలోంచి ఒక కట్ట తీసి ఆమె చాటలో వేసేది. సాయంత్రం బీడీలు అప్పగించేటప్పుడు ఆమెది తక్కువ కాకూడదు. దీన్ని చాట నింపుడు అనేవారు. నింపినట్టు ఎవరూ చెప్పరు, నిండినట్టు ఆమే అనదు. నిర్మల బాలింతగా ఉన్నప్పుడు నలభై రోజులు ఆమె చాట నింపింది రాజమ్మ.

ఈ వారం నిర్మల వేలు పెట్టకూడదు. సోమవారం రాజమ్మ కుట్టిన టవళ్లు తెరుచుకున్న మూలలతో అందరి ముందూ పడి ఉన్నాయి.

“నోరు మూసుకున్నందుకు పగార్ ఇస్తున్నరా నీకు?” అన్నాడు ఆ సాయంత్రం ఇంట్లో నిర్మల భర్త వెంకటేశ్, మగ్గం దూది జుట్టులోంచి దులుపుకుంటూ. “ఇరవై ఏండ్ల సంది నేను మొక్కుతున్న మొక్కు గదా అది. ఏ దేవుడు విన్నడో కనుక్కో, టెంకాయ కొట్టొస్త.”

నిర్మలకు నవ్వు రాలేదు.

మంగళవారం పొద్దున్నే రూపాలి రాజమ్మ కుట్టిన టవలు ఒకటి ఎత్తి పట్టుకుంది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. నిర్మల స్టూలు మీదే ఉంది. ఇప్పుడు లేచి ఆ టవలు లాక్కుని, “నీ పని నువ్వు చూస్కో పిల్లా” అని కసిరితే అయిపోతుంది. లేవలేదు.

“అత్తా, నీ కన్ను పోయింది” అంది రూపాలి. “చెయ్యి పోలే. మిషన్ మీదికెల్లి లే. ఘడీ బల్ల కాడికి రా.”

రాజమ్మ మొహం మాడిపోయింది. ముప్పై ఏళ్లు చేతిపనితో బతికిన మనిషిని పిల్లలు చేసే మడత పనికి పొమ్మంటే ఎలా ఉంటుంది? అయినా లేచింది. రూపాలీ ఇంకో ఇద్దరూ మడత బల్లను తలుపు దగ్గరకు ఈడ్చారు. రాజమ్మ విసురుగా మొదటి టవలు పరిచి అరచేత్తో నిమిరింది. రెండోది నిమిరింది. మూడోదాని మీద చెయ్యి ఆగింది.

“ఈడ పోగు లేసింది.”

ఎవరికీ కనిపించలేదు. రూపాలి టవలును వెలుగులోకి ఎత్తి తిప్పి చూసింది. సన్నని పోగొకటి నిజంగానే లేచి ఉంది, ఉతికితే గజం పొడుగున ఊడివచ్చేది. రాజమ్మ కళ్లు మూసుకుని నాలుగోది నిమిరింది. తునికాకు ఈనెలను ముప్పై ఏళ్లు వేళ్లతోనే చదివిన చెయ్యి అది. బుధవారం సాయంత్రానికి మూలనున్న గుట్టలో సగం ఆమె అరచేతి కిందుగా వెళ్లింది. మంచివి ఒకవైపు, బాగుచెయ్యాల్సినవి ఒకవైపు. ఎక్కడ బాగుచెయ్యాలో అక్కడ సుద్దగీత. మూలలు కుట్టే పని రూపాలీ ఇంకో అమ్మాయీ పంచుకున్నారు. నల్లబల్ల మీద ప్రశ్న కింద జవాబు ఎవరూ రాయలేదు, గుట్ట మాత్రం తరుగుతూ వచ్చింది.

నిర్మలకు సంతోషమేసింది. సంతోషం పక్కనే చిన్న మంట కూడా. పదకొండేళ్లుగా కళ్లెదుట ఉన్న చెయ్యి. దాని తప్పులను దాచడం తెలిసిందే గాని దాన్ని ఎక్కడ పెట్టాలో తనకు తట్టలేదు.

గురువారం ఋషికేశ్ ఆఫీసుకు పిలిచాడు. “ఏక్‌దమ్ మస్త్ అక్కా! నేను రోజూ సీసీ టీవీల చూస్తనే ఉన్న. మీరు ఏం చెయ్యకుంటనే అంత నడుస్తుంది.” చాయ్ తెప్పించాడు. చాయ్ సగం తాగాక అసలు సంగతి చెప్పాడు. పక్క అంచులు దానంతటదే కుట్టే మిషను వస్తున్నది. హాల్లో పదమూడు పేర్లున్నాయి, వచ్చే నెల నుంచి పన్నెండే కావాలి.

“ఎవరన్నది నేను చెప్తే మాలక్ తీసేసినట్టయితది. టీమ్ చెప్తే అది వాళ్ల డిసిజన్, వాళ్ల ఓనర్‌షిప్. శనివారం మధ్యాన్నం వరకు ఒక్క పేరు చాలు. మీరు మాత్రం పేరు చెప్పొద్దక్కా, ఇషారా గూడ చెయ్యొద్దు. ఋతుజ మేడం చెప్పింది యాదుంది గదా?”

పాము చావాలి, కర్ర విరగకూడదు. అంతేకాదు, కర్ర ఇంకొకరి చేతిలో ఉండాలి. తాను అనాల్సిన మాట నిర్మలకు అక్కడే, ఆ కుర్చీలోనే తట్టింది. పని ఎలా చెయ్యాలో మమ్మల్ని తేల్చుకొమ్మంటే తేల్చుకుంటాం సేట్, ఎవరి కూడు తియ్యాలో మా నోట చెప్పించకు అనాలి. నాలుక చివరి దాకా వచ్చింది. రాజమ్మ పేరు తప్ప వేరే పేరు రాదని కూడా ఆమెకు తెలుసు. వయసు, కన్ను, అందరూ చూసిన ఆ మూలలు. అయినా మగ్గాల చప్పుడును మించే నోరు చాయ్ గుటకలో మునిగి ఊరుకుంది.

మెట్లు దిగుతుంటే లోపల చిన్న ఊరట కలిగింది. దాచడానికేముంది, కలిగింది. పోయేదేదో నా చేతి మీదుగా పోవడం లేదు కదా. ఆ ఊరటను తలుచుకుని ఆఖరి మెట్టు మీద ఆమెకు సిగ్గేసింది. అయినా ఆఫీసులోకి వెనక్కి వెళ్లలేదు.

హాల్లో నిలబడి ఋషికేశ్ మాటలను ఉన్నవి ఉన్నట్టు అప్పగించింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. ముందు షెడ్డులోని మగ్గాల చప్పుడు ఒక్కటే మిగిలింది.

“నువ్వేమంటవ్ అక్కా?” అంది రూపాలి. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. నిజంగానే అడిగింది.

“మీకేమనిపిస్తది?” అంది నిర్మల.

సోమవారం నవ్వు తెప్పించిన మాటే. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. రూపాలి తల దించుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

శుక్రవారం హాలు మారిపోయింది. పని ఆగలేదు, పైగా ఇంకా చకచకా సాగింది. కాని నిర్మల వైపు ఎవరూ చూడలేదు. భోజనం వేళ ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. ఆమె డబ్బా పట్టుకుని దగ్గరకు వెళితే మాట ఆగిపోయింది. జరిగి చోటిచ్చారు, ఎవరో పచ్చడి కూడా వేశారు. అయితే అది చుట్టానికి వేసినట్టుంది. నిర్మల నాలుగు ముద్దలు మింగి లేచింది.

నల్లా దగ్గర రాజమ్మ డబ్బా కడుక్కుంటోంది. కడిగిన డబ్బానే మళ్లీ కడుగుతోంది. ఆమె తన కోసమే నిలబడిందని నిర్మలకు అర్థమైంది.

“ఏమన్న మాట్లాడు బిడ్డా” అంది రాజమ్మ, అటూ ఇటూ చూసి. “ఇయ్యాల్ల మాట్లాడు. రేపటికి పొద్దు దాటుతది.”

“నేనేం మాట్లాడాలె అత్తా? నా చేతుల ఏమున్నది? అందరు గలిసి ఏదనుకుంటె అది. నన్ను వేలు పెట్టొద్దన్నరు.”

“నేను నీకు బీడీ నేర్పేటప్పుడు వేలు పెట్టిన్నా?” రాజమ్మ గొంతు లేవలేదు గాని గట్టిపడింది. “ఒక్కనాడన్న ఇట్ల జెయ్, అట్ల జెయ్ అన్ననా? ఆకులన్ని చింపినవ్. తంబాకు పారబోసినవ్. సప్పుడు జెయ్యక చూసిన. నీ వేళ్లకే తెల్వాలె అని చూసిన. గని నీ పక్కకెల్లి లేసిపోలే. నీ చాట తక్కువైన నాడు నీదే తక్కువ అనలే.”

నిర్మల నల్లా కట్టేసింది.  ముసలమ్మ తన ఉద్యోగం కోసం బతిమాలుతోందనుకుంది. “చూద్దాం అత్తా” అంది. చూసేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు. రాజమ్మ ఆమె భుజం మీద తడిచెయ్యి వేసి లోపలికి వెళ్లింది.

శనివారం భోంగా కూశాక పన్నెండు మందీ మడత బల్ల చుట్టూ కూర్చున్నారు. నిర్మల స్టూలు మీద కూర్చుంది. ఋషికేశ్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు, చేతిలో ఫోను. మూల ఖాళీగా ఉంది. మూడు నెలల గుట్ట మాయమైంది, నేల మీద దాని చతురస్రం ఒక్కటే తెల్లగా కనిపిస్తోంది.

“మీ టైమ్ తీస్కోండ్రి. నేను ఊకె వింట” అన్నాడు ఋషికేశ్.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కంగారుపడవద్దని నేర్పిన మౌనమే అది. నిర్మల మాత్రం రాజమ్మ వైపు చూడలేక నల్లబల్లను చూస్తూ కూర్చుంది.

రూపాలి లేచింది. “సేట్, మీరు పేరు అడిగిండ్రు. మాకు పేరు తోచలే. అందుకని పని చూసినం. ఎవ్వరు లేకుంటె ఏది ఆగుతది అని ఒక్కొక్కరిది చూసినం. మూలలు కుట్టేటోళ్లు లేకుంటె మాల్ మళ్ల తిరిగొస్తది. కత్తిరించేటోళ్లు లేకుంటె కుట్టేటోళ్లు ఊకె గూసుంటరు. రాజమ్మత్త లేకుంటె...” బల్ల మీద చెయ్యి వేసింది. “ఈడ ఇంకో చెయ్యి లేదు. మేమందరం కండ్లు మూసుకొని చూసినం, ఒక్కరికి రాలే.”

నిర్మల ఇప్పుడు రాజమ్మ వైపు చూడగలిగింది. రాజమ్మ కాదు. అయితే ఇంకెవరు?

“లేకున్న పని ఆగని జాగ ఒక్కటే దొరికింది.” రూపాలి తల దించుకుంది. చీర కొంగును వేలికి చుడుతోంది. “ఆ స్టూలు. ఆరు దినాల సంది నిర్మలక్క ఏది ముట్టలే, ఏది చెప్పలే. పని నడిచింది. అక్క మీద మాకు కోపం లేదు సేట్. మీరు తేల్చుకొమ్మన్నరు, తేల్చుకున్నం.”

నిర్మలకు ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత చెవుల్లోకి వేడి ఎగబాకింది. పదకొండేళ్లు! ఈ పిల్లకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఎవరు? అరవడానికి నోరు తెరవబోయింది.

“అరే, నక్కో, వద్దు!” ఋషికేశ్ తలుపు వదిలి ముందుకొచ్చాడు. “సూపర్‌వైజర్ గురించి కాదు నేనన్నది. మీల, లేబర్ల ఒకరు...”

“పదమూడు పేర్లు అన్నరు గద సేట్. పదమూడుల అక్కది గూడ ఉన్నది.”

అప్పుడు రాజమ్మ బల్ల పట్టుకుని లేచింది. “రాయకుండ్రి. ఆమె పేరు రాయకుండ్రి. నిన్నటి సంది మొత్తుకుంటున్న, ఈ పొల్లలు నా మాట వింటలేరు. నాకు అరవై దగ్గర పడ్డది. నా పేరు రాసుకోండ్రి సేట్. ఆమెకు ఇంక పిల్ల సదువున్నది.”

నల్లా దగ్గర రాజమ్మ బతిమాలింది తన కోసం కాదు. ఆ సంగతి ఇప్పుడు నిర్మలకు చెంపదెబ్బలా తగిలింది. రాజమ్మ కోసం తాను తెరవని నోరు. రాజమ్మ తన కోసం తెరిచింది, అదీ సేట్ ఎదుట, తన కూడు వదులుకుంటూ. లోపల ఎగసిన కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే చతికిలబడింది.

“అక్కా, మీరే చెప్పండి వీళ్లకు” అన్నాడు ఋషికేశ్. అతని నుదురు చెమర్చింది. “మీ మాట వింటరు.”

“చెప్పొద్దన్నది మీరే గదా సేట్.”

నిర్మల స్టూలు దిగింది. వారమంతా అదిమిపెట్టిన చేత్తో సుద్దముక్క తీసుకుని, సోమవారం తాను రాసిన ప్రశ్న కింద, అదే మరాఠీ అక్షరాల్లో తన పేరు రాసింది.

“గురువారం నాడు మీ ఆఫీసుల చెప్పాల్సిన మాట ఒకటుండె” అంది. ఆమె గొంతు అంత మెల్లగా రావడం హాల్లో ఎవరూ ఎరగరు. “మాలక్ చెప్పాల్సింది మాలక్కే చెప్పాలె, ఒకరి కూడు ఇంకొకరితోని తీపియ్యొద్దు అని. అది చెప్తనని వీళ్లందరు నా మొకం చూసిండ్రు. నేను చెప్పలే. నా జాగ ఆనాడే పోయింది. వీళ్లు ఇయ్యాల్ల చూసుకున్నరు, అంతే.”

హాలు తాళంచెవి కొంగు ముడిలోంచి విప్పి మడత బల్ల మీద పెట్టింది. ఎవరికీ చేతికివ్వలేదు. అది ఎవరు తీసుకోవాలో కూడా వాళ్లే తేల్చుకుంటారు. ఋషికేశ్ ఏదో అంటూనే ఉన్నాడు, మధ్యలో అతని ఫోను మోగింది. రూపాలి ఏడుస్తోంది. నిర్మల చెప్పులు వేసుకుని అశోక్ చౌక్ వైపు నడిచింది. ఎండ మండిపోతోంది. మిట్టమధ్యాహ్నం ఇంటికి ఏ మొహంతో వెళ్లాలో తెలియక చెరకు రసం అమ్మే రసవంతి బండి దగ్గర చాలాసేపు నిలబడింది. రసం తాగలేదు.

ఆదివారం పొద్దున రాజమ్మ వాకిట్లోకి వచ్చింది. చంకలో పాత చాట, తడి గోనెలో చుట్టిన తునికాకు. కోడలి బీడీ కార్డు మీద సెలవు రోజుల్లో ఇంకా చుడుతూనే ఉంటుంది. నీడన కూర్చుంది. వెంకటేశ్ ఒకసారి చూసి, ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఇవాళ ఏమీ అనకుండా చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాడు.

నిర్మల తన పాత చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. మొదటి ఆకు ఈనె దగ్గర చిరిగింది. రెండోది మెలిపడింది. రాజమ్మ చూస్తూనే ఉంది, చెప్పలేదు. ఏడో ఆకుకో ఎనిమిదో ఆకుకో బొటనవేలికి పాత దారి దొరికింది. కిటికీలో ఫోను మోగింది. ఋషి సేట్ అని పేరు వెలిగి ఆరిపోయింది. పొద్దుటి నుంచి అది మూడోసారి.

“ఎత్తవా?” అంది రాజమ్మ.

“ఎత్తుత. ఇయ్యాల్ల గాదు.”

కాసేపటికి వాకిలి దగ్గర రూపాలి కనిపించింది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. లోపలికి రమ్మని నిర్మల అనలేదు. అనబుద్ధి కాలేదు. ఆ పిల్ల చెప్పింది నిజమే, నిజమైనంత మాత్రాన మంట తగ్గుతుందా? రూపాలే చెప్పులు విడిచి, వచ్చి, గోనె అంచున కూర్చుని నాలుగు ఆకులు తన ముందుకు లాక్కుంది. ఎప్పుడు నేర్చిందో, ఎక్కడ నేర్చిందో, చుట్టింది. వంకరటింకరగా ఒక కట్ట కట్టి, తల ఎత్తకుండానే దాన్ని నిర్మల చాటలో పెట్టింది.

దారం వదులుగా ఉంది. బీడీలు అప్పగించే చోట చెయ్యి తగిలితే చాలు, విడిపోతుంది. నిర్మలకు చూడగానే కనిపించింది. విప్పి కట్టడానికి చెయ్యి లేచింది కూడా. కాని అది మధ్యలోనే ఆగి, ఇంకో ఆకు అందుకుంది. నిర్మల లేచిపోలేదు, అక్కడే ఆ పిల్ల పక్కనే కూర్చుని చుడుతూ ఉంది. మూడో కట్టకు రూపాలి ఆగి, తాను పెట్టిన మొదటి కట్టను నిర్మల చాటలోంచి తీసి, దారం విప్పి, మళ్లీ బిగించి కట్టింది.